కొడవటిగంటి కుటుంబరావు

కొడవటిగంటి కుటుంబరావు (అక్టోబరు 28, 1909 - ఆగస్టు 17, 1980) ప్రసిద్ధ తెలుగు కథకుడు, నవలాకారుడు, వ్యాసకర్త, పత్రికా సంపాదకుడు. కొకు అనే పొడి అక్షరాలతో సాహిత్య లోకానికి సుపరిచితుడు. మధ్యతరగతి జీవితాన్ని నిశితంగా చిత్రించిన రచయితగా, హేతువాదిగా, మార్క్సిస్టు ఆలోచనాపరుడిగా ఈయనకు పేరుంది. అయితే ఈయన జీవితంలో అత్యధిక కాలం గడిచింది పిల్లల పత్రిక చందమామ కార్యాలయంలో. 1952 నుంచి మరణించేవరకు దాదాపు 28 సంవత్సరాలపాటు ఆ పత్రిక సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించాడు. సంపాదకుడిగా ఈయన పేరు పత్రికలో అచ్చయ్యేది కాదు. అందువల్ల కొన్ని తరాల తెలుగు పిల్లలు ఈయన చేతిమీదుగా వచ్చిన కథలు చదివి పెరిగినా, వాటి వెనుక ఉన్న మనిషి ఎవరో వారిలో చాలామందికి పెద్దయ్యాక గాని తెలియలేదు.

బాల్యం

కుటుంబరావు గుంటూరు జిల్లా తెనాలిలో ఒక మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఐదేళ్ళ వయసులో, 1914లో తండ్రిని, ఆ తరువాత 1920లో తల్లిని కోల్పోయాడు. తల్లిదండ్రులు లేని ఈ పిల్లవాడు మేనమామ వద్ద పెరిగాడు. దానివలన బాల్యంలో కొంత భాగం పల్లెటూరి వాతావరణంలో గడిచింది. పల్లెజీవితం, చిన్న పట్టణపు జీవితం, రెండూ దగ్గరగా చూసిన అనుభవం ఈయన రచనల్లో కనిపిస్తుంది.

అన్న వెంకటసుబ్బయ్య కవి, రచయిత. ఆయన ప్రభావం వల్ల కుటుంబరావుకు చిన్ననాటనే సాహిత్యంతో పరిచయం కలిగింది. 1921-22 ప్రాంతంలో పాశ్చాత్య సాహిత్యం చదవడం మొదలుపెట్టాడు. కొన్ని పద్యాలు అల్లాడు. 13వ ఏట ఉత్కంఠభరితమైన కథాంశంతో ఒక నవల రాయబోయి మధ్యలో విడిచిపెట్టాడు. ఆ తరువాత కొన్నేళ్ళపాటు రచన జోలికి పోలేదు.

ఆ కాలంలో తెలుగులో పిల్లలకోసం ప్రత్యేకంగా రాసిన పుస్తకాలు తక్కువ. నీతికథలు, శతక పద్యాలు, పెద్దల నోట విన్న పురాణ కథలే వారికి దొరికిన సాహిత్యం. గిడుగు వెంకట సీతాపతి, చింతా దీక్షితులు వంటివారు బాలల గేయాలు, కథలు రాసి ఈ లోటును తీర్చడానికి కృషి చేశారు. పిల్లలకు అర్థమయ్యే వాడుక భాషలో రాయాలన్న ఆలోచన, వ్యావహారిక భాషా వాదంతోపాటే బలపడుతూ వచ్చింది. కుటుంబరావు తరం ఈ మార్పు జరుగుతున్న కాలంలో పెరిగింది.

విద్యాభ్యాసం

కుటుంబరావు పాఠశాల చదువు 1925 వరకు తెనాలిలో సాగింది. అప్పటి ఆచారం ప్రకారం, ఆ చదువు పూర్తికాకముందే 1925లో పదకొండేళ్ళ పద్మావతితో వివాహం జరిగింది. 1925 నుంచి 1927 వరకు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. తరువాత విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా బి.ఏ. చదివాడు. బి.ఏ. పూర్తయ్యేనాటికి పూర్తిగా నాస్తికుడయ్యాడు. గంభీరంగా రచన చేయడం కూడా ఈ కాలంలోనే మొదలైంది.

1929లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీకి చేరాడు. అదే సంవత్సరం అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యం త్వరలోనే ప్రపంచమంతా వ్యాపించింది. పంటల ధరలు పడిపోయి, భూముల మీద వచ్చే రాబడిపై ఆధారపడిన ఆంధ్రదేశపు కుటుంబాలు దెబ్బతిన్నాయి. చదువు సాగించే స్తోమత లేక కుటుంబరావు రెండవ సంవత్సరంలోనే విశ్వవిద్యాలయం విడిచి తిరిగివచ్చాడు. ఇలా ఆగిపోయిన చదువు ఈయనను రెండు విధాలుగా వెన్నంటింది. సైన్సు మీద ఆసక్తి జీవితాంతం నిలిచింది. మనిషికి బతుకుతెరువు చూపలేని చదువు దేనికి అన్న ప్రశ్న, తరువాత రాసిన చదువు నవలకు కేంద్రమైంది.

తొలి రచనలు, ఉద్యోగాలు

కుటుంబరావు తొలి కథ ప్రాణాధికం గృహలక్ష్మి మాసపత్రికలో వెలువడింది. తెనాలికి తిరిగివచ్చిన తరువాత మిత్రులతో కలిసి యువ ప్రెస్సును స్థాపించి, యువ అనే పత్రికను ప్రారంభించాడు. 1930లలో తెనాలి సాహిత్యానికి, నాటకానికి పేరుపొందిన పట్టణం. శరత్ చంద్ర చటోపాధ్యాయ నవలలను బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చిన చక్రపాణి (ఆలూరు వెంకట సుబ్బారావు) కూడా తెనాలివాడే. ఆయనతో ఏర్పడిన పరిచయం తరువాతి కాలంలో కుటుంబరావు జీవితగమనాన్ని నిర్ణయించింది.

1939లో భార్య పద్మావతి అనారోగ్యంతో మరణించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కుటుంబరావు ఉద్యోగాలకోసం ఊళ్ళు మారుతూ వచ్చాడు. మద్రాసు, సిమ్లా, బొంబాయి, ఒరిస్సాలోని జయపురం, ఇలా వేర్వేరు చోట్ల గుమాస్తాగానూ, కర్మాగారంలో ఫోర్‌మన్‌గానూ పనిచేశాడు. ఈ మధ్యకాలంలో రెండవ వివాహం జరిగింది గాని, ఆ భార్య కూడా కొద్దికాలానికే మరణించింది. 1945లో వరూధినిని వివాహం చేసుకున్నాడు. వరూధిని రచయిత్రి, నటి అయిన కొమ్మూరి పద్మావతీదేవి కుమార్తె. డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకున్న కొమ్మూరి సాంబశివరావుకు సోదరి.

1948లో కుటుంబరావు ఆంధ్రపత్రికలో చేరాడు. 1950-51లో ఆంధ్రపత్రిక వారపత్రికను చూసుకుంటూ దాని రూపురేఖలను మార్చాడు. 1952 జనవరిలో చందమామలో చేరాడు. అప్పటికి ఈయన వయసు 42 సంవత్సరాలు. కథకుడిగా, నవలాకారుడిగా పేరు స్థిరపడింది. ఇరవై ఏళ్ళపాటు ఏ ఊళ్ళోనూ, ఏ ఉద్యోగంలోనూ ఎక్కువకాలం నిలవని ఈ రచయిత ఆ తరువాత మరే ఉద్యోగానికీ మారలేదు.

చందమామ

చందమామ మాసపత్రిక 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. తమిళ పత్రిక పేరు అంబులిమామ. స్థాపకులు బి.నాగిరెడ్డి, చక్రపాణి. వీరిద్దరే విజయా సంస్థ ద్వారా పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) వంటి చిత్రాలను నిర్మించారు. జానపద, పురాణ కథలను పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించేట్లు చెప్పడం ఆ చిత్రాల్లోనూ, ఈ పత్రికలోనూ కనిపించే సమాన లక్షణం. క్రమంగా కన్నడ, హిందీ, మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఇంగ్లీషు, ఒరియా, బెంగాలీ మొదలైన భాషల్లో కూడా చందమామ వెలువడింది.

అంతకుముందు 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాల పత్రికను మద్రాసు నుంచే ప్రారంభించారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ప్రసిద్ధులైన ఈ దంపతులు పిల్లలచేత రాయించడానికి, పాడించడానికి, ఆడించడానికి ప్రాముఖ్యమిచ్చారు. చందమామ పద్ధతి వేరు. అది ప్రధానంగా కథల పత్రిక. పెద్దలు చదివి వినిపించడానికీ, పిల్లలు తమంత తాము చదువుకోవడానికీ అనువుగా దానిని రూపొందించారు.

పత్రిక విధానాన్ని నిర్ణయించినవాడు చక్రపాణి. రచనల ఎంపిక, తిరగరాత, భాష, అచ్చుకు వెళ్ళే ప్రతి ముక్కను సరిచూడడం కుటుంబరావు పని. కుటుంబరావు చేరిన 1952లోనే దాసరి సుబ్రహ్మణ్యం కూడా సంపాదక వర్గంలో చేరాడు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ వంటి జానపద ధారావాహికలు రాసినవాడు దాసరి. వాటి మీద కూడా రచయిత పేరు ఉండేది కాదు. ఈ కారణంగా దాసరి రాసిన ధారావాహికలను కుటుంబరావు రచనలుగా భ్రమపడినవారు కూడా ఉన్నారు.

చందమామకు రూపాన్నిచ్చినవారిలో చిత్రకారుల పాత్ర కూడా పెద్దది. చిత్రా (టి.వి.రాఘవన్), శంకర్ (కె.సి.శివశంకరన్), ఎం.టి.వి.ఆచార్య, వపా (వడ్డాది పాపయ్య) గీసిన బొమ్మలు కథతో సమానంగా పాఠకుల మనసుల్లో నిలిచాయి. చదవడం రాని పిల్లలు కూడా బొమ్మల ద్వారా కథను కొంతవరకు పోల్చుకోగలిగేవారు.

సంపాదకుడిగా కృషి

చందమామకు కథలు రెండు విధాలుగా చేరేవి. మొదటివి పాత కథలు. జాతక కథలు, పంచతంత్రం, కథాసరిత్సాగరం, అరేబియన్ నైట్స్, రామాయణ భారతాలు, వివిధ దేశాల జానపద కథలు ఇందులోకి వస్తాయి. గ్రీకు మహాకవి హోమర్ కావ్యాలైన ఇలియడ్, ఒడిస్సీలు కూడా భువనసుందరి, రూపధరుడి యాత్రలు అనే పేర్లతో తెలుగు పిల్లలకు అందాయి. విదేశీ పేర్లకు బదులు తెలుగు చెవికి ఇంపైన పేర్లు పెట్టడం వల్ల అవి పరాయి కథలన్న భావన పాఠకుడికి కలిగేది కాదు.

రెండవవి పాఠకులు, రచయితలు పంపే కథలు. వీటిలో పనికివచ్చే అంశం ఉంటే చాలు, కుటుంబరావు దానిని తీసుకుని అవసరమైనంతమేరకు తిరగరాసేవాడు. అనవసరమైన వర్ణనలు తొలగించి, సంఘటనల వరుసను సరిచేసి, ముగింపును బిగించేవాడు. దీనివల్ల పత్రికలోని కథలన్నీ ఒకే మనిషి చెప్పినట్లు ఉండేవి. అచ్చయిన కథలో తన సొంత వాక్యాలు ఎన్ని మిగిలాయో వెతుక్కోవలసి వచ్చినా, కథ ఎలా రాయాలో ఈ దిద్దుబాటు చూసి నేర్చుకునే వీలు కొత్త రచయితలకు ఉండేది.

చందమామ భాష ఈ కృషిలో ముఖ్యమైన భాగం. అది గ్రాంథికం కాదు, ఏదో ఒక ప్రాంతపు మాండలికమూ కాదు. చిన్న వాక్యాలు, సూటిగా ముందుకు సాగే కథనం, అలంకారాలు లేని శైలి దాని లక్షణాలు. నెల్లూరు మెట్టప్రాంతపు పిల్లవాడికీ, శ్రీకాకుళం పిల్లవాడికీ, తెలంగాణ పిల్లవాడికీ, ఆంధ్రప్రాంతం వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబంలోని పిల్లవాడికీ అది ఒకేలా అర్థమయ్యేది. తెలుగు ప్రతి నుంచి ఇతర భాషల్లోకి కథలను అనువదించేవారు కాబట్టి, ఈ స్పష్టత అనువాదకులకూ ఉపకరించింది. బడిలో చదువు నేర్చుకోవడం ఒక ఎత్తయితే, చదవడం అలవాటు కావడం మరొక ఎత్తు. పాఠ్యపుస్తకాలు తప్ప వేరే పుస్తకాలు లేని ఇళ్ళలో ఆ రెండవ పనిని చందమామ చేసింది.

బేతాళ కథలు

చందమామ శీర్షికలన్నింటిలో ప్రసిద్ధమైనవి బేతాళ కథలు. వీటికి మూలం సంస్కృతంలోని బేతాళ పంచవింశతి. కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో రచించిన కథాసరిత్సాగరంలో ఈ కథలు ఉన్నాయి. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు మౌనంగా నడుస్తాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై బేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు.

మూలంలో ఉన్నవి 25 కథలు మాత్రమే. నెలకొకటి చొప్పున ప్రచురిస్తే రెండేళ్ళలో అయిపోవాలి. కాని చందమామలో ఈ శీర్షిక దశాబ్దాలపాటు నడిచింది. పాత కథలు పూర్తయిన తరువాత, చివర ఏదైనా ధర్మసందేహానికి అవకాశమున్న కథను ఎంచుకుని, దానిని బేతాళ కథగా మలిచే పద్ధతి ఏర్పడింది. కథ ఎవరు పంపినా, దానిలోని చిక్కును గుర్తించి ప్రశ్నగా మార్చడం, ఆ ప్రశ్నకు తర్కబద్ధమైన సమాధానం కూర్చడం సంపాదకుడి నేర్పు మీద ఆధారపడిన పని.

ఈ కథల్లో శవం, బేతాళుడు, శ్మశానం ఉన్నా, వాటి అసలు ఆకర్షణ భయం కాదు. ఒకరు చేసిన పని పైకి తప్పుగా కనిపిస్తుంది. విక్రమార్కుడు ఆ పనికి కారణం ఏమిటో, ఆ పరిస్థితిలో అది ఎందుకు సమంజసమో వివరిస్తాడు. పాఠకుడు పేజీ తిప్పేలోగా తానే సమాధానం ఊహించి, తరువాత రాజు చెప్పినదానితో పోల్చుకుంటాడు. ఇద్దరి సమాధానాలు ఒకటి కాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో ఆలోచిస్తాడు. నీతిని నేరుగా బోధించకుండా, ఒక పని మంచిచెడులను కారణాలతో తూచడం పిల్లలకు అలవాటు చేసిన శీర్షిక ఇది. శవాన్ని మోస్తున్న రాజు బొమ్మ, ముఖ్యంగా శంకర్ గీసినది, చందమామకు గుర్తుగా నిలిచిపోయింది.

హేతువాది, జానపద కథలు

దేవుణ్ణి, దయ్యాలను నమ్మని కుటుంబరావు మాంత్రికులు, రాక్షసులు, రాజులు నిండిన పత్రికను నడపడం చాలామందికి వింతగా తోచింది. మూఢనమ్మకాలను, రాచరిక విలువలను పిల్లల్లో పెంచుతున్నాడని, రచనల్లో చెప్పేదానికీ ఉద్యోగంలో చేసేదానికీ పొంతన లేదని విమర్శలు వచ్చాయి. ఈ విమర్శను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. చందమామ కథల్లో మంచి రాజు దొరికితే ప్రజల కష్టాలు తీరిపోతాయి. వాస్తవ జీవితంలో సమస్యలకు అలాంటి పరిష్కారం లేదని చెప్పే నవలలు రాసినవాడు కుటుంబరావే.

ఈయన దృక్పథం వేరుగా ఉండేది. పిల్లల మనసు ఎదిగే క్రమంలో ఊహాశక్తికి స్థానం ఉందని, కథలోని దయ్యాన్ని పిల్లలు కథగానే స్వీకరించి వయసుతోపాటు దానిని దాటిపోతారని ఈయన భావించాడు. జానపద కథ తరతరాల ప్రజల అనుభవం నుంచి పుట్టిందని, అందులో అద్భుతం ఎంత ఉన్నా మనుషుల స్వభావం గురించిన సత్యం కూడా ఉంటుందని ఈయన నమ్మకం.

పత్రికలోని కథలను పరిశీలిస్తే ఈ దృక్పథం ఆచరణలో ఎలా ఉండేదో తెలుస్తుంది. చాలా కథల్లో కథానాయకుడు పేదవాడు, లేదా అమాయకుడిగా అందరూ లెక్కచేయనివాడు. అతను గెలిచేది ఎక్కువగా సమయస్ఫూర్తి వల్ల, లేదా మంచితనం వల్ల. దురాశాపరుడైన వ్యాపారి, గర్వించిన పండితుడు, దొంగ సన్యాసి చివరకు నవ్వులపాలవుతారు. దయ్యాలు కూడా కొన్నిసార్లు మనుషులకన్నా మంచివిగా కనిపిస్తాయి. దయ్యం ఉందన్న పుకారు చివరకు ఎవరో చేసిన మోసమని తేలే కథలూ ఉన్నాయి. అయినా పత్రిక విధానం చక్రపాణిది, యాజమాన్యం నాగిరెడ్డిది. కుటుంబరావు ఆ పరిధిలో పనిచేశాడేగాని, దానిని తన సిద్ధాంతాల ప్రచారానికి వాడుకోలేదు. ఆ పనిని తన పేరుతో, వేరే పత్రికల్లో, పెద్దల కోసం చేశాడు.

ఇతర రచనలు

చందమామలో పనిచేస్తూనే కుటుంబరావు విస్తారంగా రచనలు చేశాడు. ఈయన రచనలు వేల పేజీలకు విస్తరించాయి. కథ, నవల, గల్పిక, నాటిక, వ్యాసం మొదలైన ప్రక్రియలన్నింటిలోనూ రాశాడు. ఆంధ్రదేశంలోని మధ్యతరగతి కుటుంబాల్లో పెళ్ళి, ఆస్తి, ఉద్యోగం, పరువు మనుషుల సంబంధాలను ఎలా శాసిస్తాయో వీటిలో చూపాడు. ఆడవారి జీవితాన్ని సానుభూతితో, ఆవేశం లేని శైలిలో పరిశీలించాడు.

ప్రసిద్ధ నవలల్లో చదువు ఒకటి. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి ఆర్థికమాంద్యం నాటి వరకు సుందరం అనే యువకుడి ఎదుగుదలను ఇది చిత్రిస్తుంది. రచయిత జీవితంలోని కొన్ని ఛాయలు ఇందులో కనిపిస్తాయి. అక్షరాభ్యాసం నుంచి కాశీ చదువు దాకా సాగే ఈ నవలలో ఒక పిల్లవాడు లోకాన్ని ఎలా అర్థం చేసుకుంటాడన్నది ముఖ్యాంశం. పిల్లల కోసం కథలను తీర్చిదిద్దిన కుటుంబరావుకు పిల్లల మనసు ఎంత సన్నిహితంగా తెలుసో తెలుసుకోవడానికి ఈ నవల మొదటి భాగం చాలు.

కొన్ని ముఖ్య రచనలు:
నవలలు, పెద్ద కథలు - చదువు, అనుభవం, ఐశ్వర్యం, వారసత్వం, పంచకల్యాణి, ఎండమావులు, గడ్డురోజులు, కురూపి, కులంలేని పిల్ల, బెదిరిన మనుషులు.
కథలు - అద్దెకొంప, సద్యోగం, నువ్వులు-తెలకపిండి, దిబ్బ కథలు.
వ్యాసాలు - సాహిత్యం, సినిమా, సంగీతం, సైన్సు, చరిత్ర, సంస్కృతి, తత్త్వశాస్త్రం, మనస్తత్త్వశాస్త్రం విషయాలపై అనేకం.

వ్యాసకర్తగా ఈయన శైలికీ చందమామ శైలికీ సంబంధం ఉంది. కఠినమైన విషయాన్ని కూడా చదువరి స్థాయికి తగినట్లు, చిన్న వాక్యాల్లో, ఒక మెట్టు తరువాత మరొక మెట్టుగా వివరించడం రెండింటిలోనూ ఉంది. ఆధునిక విజ్ఞానశాస్త్రం గురించి సామాన్య పాఠకులకు తెలుగులో రాసినవారిలో ఈయన ముఖ్యుడు.

1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడినప్పుడు కుటుంబరావు ఆ సంఘంతో కలిసి నడిచాడు. అప్పటికి ఈయన వయసు 60 సంవత్సరాలు. ఒకవైపు పిల్లల పత్రిక పనిని యథాప్రకారం సాగిస్తూ, మరొకవైపు సాహిత్యం ప్రజల పక్షాన నిలవాలన్న వాదాన్ని తన వ్యాసాల్లో బలపరిచాడు.

చివరి సంవత్సరాలు, మరణం

1975 సెప్టెంబరులో చక్రపాణి మరణించాడు. 1978లో చిత్రకారుడు చిత్రా మరణించాడు. తొలి రోజుల సహచరులు ఒక్కొక్కరే దూరమవుతున్నా కుటుంబరావు తన బాధ్యతను విడవలేదు. చందమామ పనిలో ఉండగానే 1980 ఆగస్టు 17న మద్రాసులో మరణించాడు.

కుమారుడు కొడవటిగంటి రోహిణీప్రసాద్ (మరణం 2012) అణుశాస్త్రవేత్త, సితార్ వాద్యకారుడు, తెలుగులో విజ్ఞానశాస్త్ర విషయాలను సులభంగా వివరించిన రచయిత. తండ్రి చందమామ రోజుల గురించిన విశేషాలు ఈయన రచనల ద్వారా చాలామందికి తెలిశాయి. కుమార్తె ఆర్.శాంతసుందరి ప్రసిద్ధ అనువాదకురాలు. ఇంట్లో ప్రేమ్‌చంద్ అనే అనువాదానికి ఆమెకు 2014 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది.

ప్రభావం

కుటుంబరావు మరణానంతరం ఈయన రచనలను కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో విశాలాంధ్ర ప్రచురణాలయం సంపుటాలుగా వెలువరించింది. తరువాత విరసం కూడా ఈయన కథలు, నవలలు, వ్యాసాలను సంపుటాలుగా ప్రచురించింది. 2009లో శతజయంతి జరిగింది. ఈ సంపుటాల వల్ల పెద్దల కోసం ఈయన రాసినది చాలావరకు ఒకచోట చేరింది. చందమామలో చేసిన పనికి అటువంటి అవకాశం లేదు. పేరు లేకుండా అచ్చయిన కథల్లో ఏది సొంతంగా రాసినది, ఏది తిరగరాసినది, ఏది స్వల్పంగా దిద్దినది అని విడదీయడం కష్టం. ఈయన బాలసాహిత్యం విడిగా ఒక పుస్తకాల వరుసగా కాక, ఒక పత్రిక పాత సంచికలన్నింటిలో కలిసిపోయి ఉంది.

ఈయన తరువాత దాసరి సుబ్రహ్మణ్యం 2006 వరకు చందమామలో కొనసాగి, 2010లో మరణించాడు. 2007లో పత్రిక యాజమాన్యం ముంబైకి చెందిన ఒక సంస్థకు మారింది. 2010ల తొలి సంవత్సరాల్లో చందమామ ప్రచురణ ఆగిపోయింది. చివరి వరకు బేతాళ కథలకు బొమ్మలు గీసిన శంకర్ 2020లో మరణించాడు. పాత సంచికలను దాచుకున్న పాఠకులు వాటిని సేకరించి, అంతర్జాలంలో చదువుకునే రూపంలోకి మార్చడంతో కుటుంబరావు కాలపు చందమామలు కొత్త తరానికి కూడా అందుబాటులోకి వచ్చాయి.

తెలుగు కథా సాహిత్య చరిత్రలో కుటుంబరావు స్థానం మధ్యతరగతి జీవితాన్ని విమర్శనాత్మకంగా చూపిన రచయితగా నిర్ణయమైంది. తెలుగు బాలసాహిత్యంలో ఈయన స్థానం పుస్తకాల సంఖ్యతో కొలిచేది కాదు. 28 సంవత్సరాలపాటు నెలనెలా పిల్లల చేతికి అందిన సరళమైన వచనం, అందులో ఇమిడిన ఆలోచనా పద్ధతి ఈ రంగంలో ఈయన చేసిన ప్రధాన కృషి.